పక్కన కూర్చుని అడిగే ప్రశ్న
(ఆలయ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

ఈ దేశంలో పుట్టి పెరిగిన యువతీ యువకులారా, మీకు నా ఆశీస్సులు. ఈనాటి నా మాటలు ప్రధానంగా మిమ్మల్ని ఉద్దేశించినవే.

వృత్తిరీత్యా నేను వైద్యురాలిని. ఆదివారం ఉదయం మాత్రం మన ఆలయ బడిలో తెలుగు ఉపాధ్యాయురాలిని. ఆ బడిలో మేము అనుసరిస్తున్న ఒక పద్ధతిని మీకు వివరించి, చివరకు మిమ్మల్ని ఒక సహాయం కోరదలచాను. పిల్లలు వ్రాసుకొనే వేళ ఒక్కొక్కరి పక్కన ఐదు నిమిషాలు కూర్చుని, వారు వ్రాస్తున్నదానిని గురించి వారితోనే మాట్లాడటం ఆ పద్ధతి.

ఇది మీకు కొత్త కాకపోవచ్చు. మీలో చాలామంది ఇక్కడి ప్రాథమిక పాఠశాలల్లో ‘రైటింగ్ కాన్ఫరెన్స్’ అనే పేరుతో దీనిని చూసే ఉంటారు. న్యూ హ్యాంప్‌షైర్ విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ మర్రీ అనే రచయిత తన విద్యార్థులను ఒక్కొక్కరినే పిలిచి, వారి రచన గురించి వారి చేతనే చెప్పించేవారు. 1954లో పులిట్జర్ బహుమతి పొందిన పాత్రికేయుడాయన. అదే విశ్వవిద్యాలయానికి చెందిన డొనాల్డ్ గ్రేవ్స్ 1978 నుండి 1980 వరకు ఆట్కిన్‌సన్ అనే చిన్న ఊరి పాఠశాలలో పసిపిల్లలు ఎలా వ్రాస్తారో దగ్గరుండి గమనించి, 1983లో గ్రంథం ప్రచురించారు. ఆరేడేళ్ల పిల్లలకు కూడా చెప్పవలసిన సంగతులు ఉంటాయని, వినేవారు ఉంటే అవి కాగితం మీదికి వస్తాయని ఆ కృషి వలన ఉపాధ్యాయ లోకానికి తెలిసింది.

మన సంప్రదాయానికీ ఇది దూరమైనది కాదు. ప్రశ్నోపనిషత్తులో ఆరుగురు జిజ్ఞాసువులు సమిధలు చేతబట్టి పిప్పలాద మహర్షి వద్దకు వెళతారు. ఆయన వెంటనే ఉపన్యాసం ప్రారంభించడు. ఒక సంవత్సరం తన వద్ద ఉండమంటాడు. ఆ తరువాత ఎవరి ప్రశ్న వారిని అడగనిచ్చి, ఎవరి ప్రశ్నకు వారికే సమాధానం చెబుతాడు. ఆరు ప్రశ్నలకూ కలిపి ఒకే పాఠం చెప్పలేదు. మన ఆలయంలో జరిగే అక్షరాభ్యాసాన్ని తలచుకోండి. ఎంతమంది పిల్లలు వచ్చినా బియ్యంలో అక్షరం దిద్దించేటప్పుడు ఒక పెద్ద చేయి ఒక చిన్న చేతినే పట్టుకొంటుంది. ఆ చేతిని ఎప్పుడు విడిచిపెట్టాలో తెలుసుకోవడమే తరువాతి విద్య.

ఒక ఉదాహరణ చెబుతాను. తొమ్మిదేళ్ల పాప ఒకతె తన అమ్మమ్మను గురించి మూడు వాక్యాలు వ్రాసింది. అమ్మమ్మ మంచిదని, వంట బాగా చేస్తుందని, తనకు ఇష్టమని. మూడూ సత్యమే. కాని ఏ అమ్మమ్మకైనా అవి సరిపోతాయి. పక్కన కూర్చున్న ఉపాధ్యాయురాలు తప్పులు దిద్దకుండా, “అమ్మమ్మ ఇప్పుడెక్కడుంది?” అని అడిగింది. పాప కొంతసేపు మౌనంగా ఉంది. తరువాత సగం ఇంగ్లీషులో, సగం తెలుగులో చెప్పసాగింది. మే నెలలో వచ్చిన అమ్మమ్మ అక్టోబరులో తిరిగి వెళ్లిపోయిందట. వెళ్లేముందు పెరట్లో పండిన దోసకాయ గింజలు కడిగి, ఎండబెట్టి, కవరులో పోసి, దాని మీద తెలుగులో ‘దోస’ అని వ్రాసి ఇచ్చిందట. మంచు కరిగిన తరువాత తానే విత్తాలట.

“ఈ సంగతి కాగితం మీద ఎక్కడుంది?” అన్నది రెండవ ప్రశ్న. పాప తన మూడు వాక్యాల వంక చూసింది. లేదని తనకే తెలిసింది. ఆ రోజు మరి నాలుగు వాక్యాలు వ్రాసింది. వాటిలో దోస గింజలున్నాయి, కవరు ఉంది, మంచు ఉంది. ఆ అమ్మమ్మ చదవగలిగినది తెలుగు ఒక్కటే. ఆ కాగితానికి ఆమెను మించిన పాఠకురాలు లేదు.

ఇందులో మెలకువలు కొన్నే. ఎదురుగా కాక పక్కన కూర్చోవాలి. ముందుగా బిడ్డ చేతనే చదివించుకోవాలి. పెన్సిలు బిడ్డ చేతిలోనే ఉండాలి. మనం తీసుకొని వ్రాసిన క్షణం నుండి ఆ రచన మనదవుతుంది. ‘అవును’, ‘కాదు’ అనే జవాబులతో ముగిసే ప్రశ్నలు అడగరాదు. అన్నిటికంటె కష్టమైనది, ప్రశ్న అడిగిన తరువాత ఆగడం. మేరీ బడ్ రో అనే విద్యావేత్త తరగతి గదులను పరిశీలించి, ఉపాధ్యాయులు ప్రశ్న వేసి సగటున ఒక్క సెకను మాత్రమే నిరీక్షిస్తున్నారని గుర్తించారు. దానిని మూడు సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు దీర్ఘమయ్యాయి. రెండు భాషల మధ్య మాటను వెదుక్కొనే మన పిల్లలకు ఆ మూడు సెకన్లు కూడా చాలవు.

మా వృత్తిలోనూ ఇదే పాఠం ఉంది. 1984లో బెక్‌మన్, ఫ్రాంకెల్ అనే వైద్య పరిశోధకులు ఒక పరిశీలన ప్రకటించారు. రోగి తన బాధ చెప్పడం మొదలుపెట్టిన తరువాత వైద్యుడు అడ్డుతగిలిన సందర్భాలలో, సగటున 18 సెకన్లకే ఆ అడ్డు వచ్చిందట. అసలు బాధ తరచుగా రెండవ మాటగానో, మూడవ మాటగానో బయటపడుతుంది. మొదటి వాక్యానికే మందు వ్రాసేవారికి అది వినబడదు. పిల్లల రచన కూడా అంతే. మొదటి మూడు వాక్యాలు మర్యాద కోసం వ్రాసినవి. చెప్పదలచినది వాటి వెనుక ఉంటుంది.

“మరి తప్పుల సంగతేమిటి?” అని తల్లిదండ్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. తెలుగులో ఒత్తు పోతే మాటే మారిపోతుంది, దీర్ఘం పోతే అర్థం పోతుంది. దిద్దవలసిందే. అయితే ఒక సమావేశానికి ఒక్క విషయం చాలు. ఆ పాప ‘అమ్మమ్మ’ను ఒత్తులు లేకుండా ‘అమమ’ అని వ్రాసింది. ఆ రోజు ‘మ’ కింద ‘మ’ ఒత్తు ఒక్కటే నేర్చుకొన్నది. తనకు కావలసిన మాటలో నేర్చుకొన్నది గనుక అది నిలిచింది. కాగితమంతా ఎర్ర సిరాతో నింపితే బిడ్డకు తెలిసేది ఒక్కటే, తెలుగు తనది కాదని.

ఇక నా అభ్యర్థన. మా తరగతిలో పన్నెండుమంది పిల్లలున్నారు. గంట వ్యవధిలో బోధన పోగా నేను నలుగురి పక్కన కూర్చోగలను. అంటే ఒక్కొక్కరి వంతు మూడు వారాలకు ఒకసారి వస్తుంది. మీలో ఇద్దరు వచ్చి నాతో చేరితే, తలా నలుగురు చొప్పున, ప్రతి బిడ్డకూ ప్రతి వారం వంతు వస్తుంది. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు, మొత్తం ఇరవై నిమిషాలు.

“నా తెలుగే అంతంతమాత్రం, నేనేం నేర్పుతాను?” అని మీరు సంకోచించవచ్చు. వ్యాకరణం చెప్పడానికి మేమున్నాము. పెద్దవారి ముందు తప్పు పలుకుతానేమోనని ముడుచుకొనే బిడ్డ, తనలాగే రెండు భాషల నడుమ పెరిగిన అక్క దగ్గరో, అన్న దగ్గరో నోరు విప్పుతుంది. ఏదైనా మాట మీకూ తెలియకపోతే, “అమ్మమ్మకు ఫోను చేసి అడుగుదామా?” అనండి. అంతకు మించిన పాఠం ఏ వాచకంలోనూ లేదు. ఆ ఫోను ఎత్తేవారు మన పిల్లల జీవితాల్లో ఎల్లకాలం ఉండరు. అందుకే ఈ పని వచ్చే ఏటికి వాయిదా వేయదగినది కాదు.

ఈ ఆలయాన్ని మీ తల్లిదండ్రులు ఇటుక ఇటుక పేర్చి నిలబెట్టారు. ఇందులో మన భాష వినిపించాలంటే తరువాతి తరానికి చెప్పుకొనేందుకు సొంత సంగతులు ఉండాలి, వాటిని అడిగి వినేవారు ఉండాలి. వచ్చే ఆదివారం ఉదయం బడి గదిలో పిల్లల పక్కన రెండు ఖాళీ కుర్చీలు వేసి ఉంచుతాము. మీ కోసం ఎదురు చూస్తుంటాము.

సరస్వతీదేవి కటాక్షం మీ అందరికీ కలుగుగాక. సెలవు.