ఆర్గానిక్ రియాక్షన్ల పుస్తకం కొనే ముందు ఐదు నిమిషాల పరీక్ష

ఇవాళ్టి టాపిక్ కాస్త చదువు టాపిక్. ఇంటర్ బైపీసీ, ఎంపీసీ వాళ్లు, బీఎస్సీ కెమిస్ట్రీ, బీఫార్మసీ వాళ్లు చివరిదాకా వినండి.

తెనాలి, బాపట్ల, రేపల్లె... ఎక్కడి స్టూడెంట్ అయినా ఆర్గానిక్ దగ్గరికి వచ్చేసరికి ఒకటే అడుగుతాడు. "సార్, రియాక్షన్లకి ఏ రిఫరెన్స్ బుక్ మంచిది?" ఒక పేరు చెప్పేస్తే ఒక్క ముక్కలో అయిపోతుంది. కానీ అది మీకు పనికొచ్చే పుస్తకమా, కాదా అని ఎవరు చూడాలి? మీరే చూడాలి. ఎందుకంటే ఒక పెద్ద ఫారిన్ ఆథర్ పుస్తకానికి పెట్టే డబ్బుతో రేపల్లె నుంచి తెనాలికి నెలల తరబడి రైలు సీజన్ టికెట్ వస్తుంది. అంత పెట్టి కొన్న పుస్తకం అట్ట నలగకుండా బీరువా మీద కూర్చుంటే ఆ నష్టం ఎవరిది? అందుకే ఇవాళ పుస్తకాల పేర్ల కంటే ముందు, పుస్తకాన్ని ఎలా పరీక్షించాలో చెప్తాను. షాపులో నిలబడి ఐదు నిమిషాల్లో చేసుకోవచ్చు.

ముందు ఒక ప్రశ్నకి జవాబు చెప్పుకోండి. పుస్తకం మీకు దేనికి కావాలి? పరీక్ష రాయడానికా, రియాక్షన్ ఎందుకు అలా జరుగుతుందో అర్థం కావడానికా, ల్యాబ్‌లో నిజంగా చేయడానికా? ఈ మూడూ వేరు వేరు పనులు. ఒకే పుస్తకం మూడూ చేస్తుందని ఎవరైనా చెప్తే కొంచెం జాగ్రత్తపడండి. అట్ట మీద "ఆల్ ఇన్ వన్" అని ఉన్నా సరే.

సరే, పరీక్షలోకి వెళ్దాం. రూల్ ఏంటంటే, మీకు బాగా తెలిసిన రియాక్షన్ తీసుకుని దాంతో పుస్తకాన్ని అడగాలి. తెలియని రియాక్షన్‌తో పరీక్షిస్తే వాళ్లు ఏం రాసినా మీకు కరెక్ట్‌గానే కనిపిస్తుంది.

మొదటి ప్రశ్న: "ఎందుకు" అన్నది చెప్తోందా? ప్రొపీన్‌కి హెచ్‌బిఆర్ కలిపితే మార్కోవ్నికాఫ్ నియమం ప్రకారం 2-బ్రోమోప్రొపేన్ వస్తుంది. పెరాక్సైడ్ ఉంటే 1-బ్రోమోప్రొపేన్ వస్తుంది. ఇది 1933లో ఖరాష్, మేయో బయటపెట్టిన సంగతి. ఇంతవరకు ప్రతి గైడ్‌లోనూ ఉంటుంది. అసలు ప్రశ్న ఆ తర్వాత ఉంది. హెచ్‌సిఎల్‌తోనూ, హెచ్ఐతోనూ పెరాక్సైడ్ ప్రభావం ఎందుకు కనిపించదు? హెచ్‌సిఎల్‌లో బంధం గట్టిది, ఫ్రీ రాడికల్ దాన్ని తేలిగ్గా తెంచలేదు. హెచ్ఐలో బంధం తేలిగ్గానే తెగుతుంది గానీ, అయొడిన్ రాడికల్స్ డబుల్ బాండ్ మీదకి వెళ్లకుండా ఒకదానితో ఒకటి కలిసి అయొడిన్ అణువులు అయిపోతాయి. ఈ రెండు వాక్యాలు ఉన్న పుస్తకం మీకు ఆలోచన నేర్పుతుంది. "హెచ్‌బిఆర్‌కి మాత్రమే వర్తించును" అని వదిలేసింది బిట్టు పెట్టడానికి పనికొస్తుంది, అంతే.

రెండో ప్రశ్న: రియాక్షన్ ఎక్కడ ఫెయిల్ అవుతుందో చెప్తోందా? నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైన పరీక్ష ఇదే. ఫ్రీడల్-క్రాఫ్ట్స్ ఆల్కైలేషన్ పేజీ తీయండి. బెంజీన్‌కి నార్మల్ ప్రొపైల్ క్లోరైడ్ కలిపితే ఎక్కువగా ఐసోప్రొపైల్ బెంజీన్ వస్తుంది, మధ్యలో రీఅరేంజ్‌మెంట్ జరుగుతుంది కాబట్టి. నైట్రోబెంజీన్ మీద ఈ రియాక్షన్ జరగదు. అనిలీన్ అయితే అల్యూమినియం క్లోరైడ్‌నే పట్టేసుకుంటుంది. ఒక ఆల్కైల్ గ్రూపు చేరాక రెండోది ఇంకా తేలిగ్గా చేరుతుంది. ఈ సంగతులు ఆ పేజీలో ఉన్నాయా? అలాగే విలియమ్సన్ ఈథర్ సంశ్లేషణ చూడండి. టెర్షియరీ బ్యూటైల్ బ్రోమైడ్‌కి సోడియం మెథాక్సైడ్ కలిపితే ఈథర్ రాదు, ఎలిమినేషన్ జరిగి ఆల్కీన్ వస్తుంది. ఈథర్ కావాలంటే మిథైల్ హాలైడ్, టెర్షియరీ బ్యూటాక్సైడ్ తీసుకోవాలి. పరీక్షలో కష్టమైన ప్రశ్నలు ఎక్కువగా ఇక్కడి నుంచే వస్తాయి. రేపు ఫార్మా కంపెనీలో ఇంటర్వ్యూకి కూర్చున్నా అడిగేది ఇలాంటిదే: "ఇది ఎప్పుడు పనిచేయదు?"

మూడో ప్రశ్న: బాణాలు సరిగ్గా ఉన్నాయా? మెకానిజంలో వంపు బాణం అంటే ఎలక్ట్రాన్ జత వెళ్లే దారి. అది ఎలక్ట్రాన్లు ఉన్నచోట మొదలై లేనిచోటికి వెళ్లాలి. ప్రోటాన్ నుంచి బాణం మొదలైతే ఆ పుస్తకం మూసేయండి. ప్రోటాన్ దగ్గర ఇవ్వడానికి ఎలక్ట్రాన్లే లేవు కదా! చేతిరాత నోట్సుల్లోనూ, జిరాక్స్ మెటీరియల్‌లోనూ ఈ తప్పు కనిపిస్తే, ఆ పేజీలో మిగతా బాణాలు కూడా నమ్మకండి.

నాలుగో ప్రశ్న: కండిషన్లు రాశారా? గ్రిగ్నార్డ్ రియాక్షన్ తీయండి. బాణం మీద "డ్రై ఈథర్" అని ఉందా, ఆ "డ్రై" ఎందుకో కింద రాశారా? నీటి తడి తగిలితే గ్రిగ్నార్డ్ రీఏజెంట్ ఆల్కేన్‌గా మారిపోతుంది. సూర్యలంక తీరం పక్కనే ఉన్న బాపట్లలో వానాకాలం గాలి ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ తేమలో ఒక్కసారి ఫ్లాస్కు ఆరబెట్టడానికి చూస్తే ఈ ఒక్క పదం విలువ తెలుస్తుంది.

ఐదోది: చివరి పేజీల్లో ఇండెక్స్ చూడండి. రిఫరెన్స్ బుక్ అంటే వెతుక్కునే పుస్తకం. వెతకడానికి దారి లేకపోతే అందులో ఎంత ఉన్నా లేనట్టే. ఒక పేరు చెప్తాను, వెతకండి: బేకర్-వెంకటరామన్ రీఅరేంజ్‌మెంట్. ఆర్థో-ఎసైలాక్సీ కీటోన్‌ని క్షారంతో బీటా-డైకీటోన్‌గా మార్చే రియాక్షన్ ఇది. తర్వాత ఆమ్లంతో ఫ్లేవోన్ చేసుకోవచ్చు. ఇందులో వెంకటరామన్ అంటే మద్రాసులో పుట్టి, తర్వాత పుణేలో నేషనల్ కెమికల్ లేబొరేటరీకి డైరెక్టర్ అయిన కె. వెంకటరామన్. ఆయన దగ్గర పీహెచ్‌డీ చేసినవారే 1935లో గుంటూరులో పుట్టిన ఏ.వి. రామారావు గారు, తర్వాత హైదరాబాద్ ఐఐసీటీ డైరెక్టర్ అయ్యారు. అంటే ఈ రియాక్షన్ల పేర్లు ఎక్కడో దూరదేశం వాళ్లవి మాత్రమే కావు. మన జిల్లా దాకా వచ్చిన దారి ఉంది.

ఇప్పుడు పేర్లు. ఇంటర్ వాళ్లకి, ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నల్లో కెమిస్ట్రీవి 40, నీట్‌లో 180కి 45. అందులో ఆర్గానిక్ ఒక భాగం మాత్రమే. దానికి తెలుగు అకాడమీ పుస్తకం, ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం లైన్ లైన్ చదవండి. అవి పూర్తి కాకుండా లావు పుస్తకం జోలికి వెళ్లొద్దు.

డిగ్రీలో అర్థం కావడం కోసం మారిసన్-బాయిడ్ ఉంది, 1959 నుంచి నడుస్తోంది. ఓపిగ్గా చెప్తుంది. మెకానిజం ఒక్కటే కావాలంటే పీటర్ సైక్స్ చిన్న పుస్తకం చాలు. క్లేడెన్ కథ చెప్పినట్టు సాగుతుంది, రెండో ఎడిషన్ 2012లో వచ్చింది. ఎంఎస్సీ, నెట్ దిశలో వెళ్లేవాళ్లకి అది సరైన జోడీ.

జెర్రీ మార్చ్ పుస్తకం 1968 నాటిది, తర్వాతి ఎడిషన్లు మైకేల్ స్మిత్ చేతిలో పెరిగాయి. దాన్ని మొదటి పేజీ నుంచి చదవాలని కూర్చుంటే నిద్ర వస్తుంది. అది డిక్షనరీ లాంటిది, అవసరమైనప్పుడు తెరవాలి. కుర్టి, చాకో 2005లో తెచ్చిన పుస్తకంలో 250 నేమ్డ్ రియాక్షన్లు, ఒక్కోదానికి రెండేసి పేజీలు. చూడ్డానికి చాలా బావుంటుంది. కానీ బేసిక్స్ లేకుండా కొంటే బొమ్మల పుస్తకమే అవుతుంది. ఇక ల్యాబ్ కోసం అయితే ఆర్గానిక్ సింథసెస్ 1921 నుంచి వస్తోంది, ఇంటర్నెట్‌లో ఉచితం. ఒకరు పంపిన పద్ధతిని ఇంకో ల్యాబ్‌లో చేసి చూశాకే అచ్చు వేస్తారు. నమ్మకం అంటే అదీ.

తెలుగు మీడియంలో చదివి డిగ్రీలో ఇంగ్లిష్ పుస్తకం చూసి బెదిరిపోయేవాళ్లకి ఒక మాట. ప్రతిక్షేపణ, సంకలనం, విలోపనం మీకు వచ్చు. సబ్‌స్టిట్యూషన్, ఎడిషన్, ఎలిమినేషన్ అంటే అవే. ముందు తెలుగులో అర్థం చేసుకుని, అదే రియాక్షన్‌ని ఇంగ్లిష్‌లో చదవండి. రెండు వారాల్లో బెరుకు పోతుంది. మాటలే కొత్తవి, రియాక్షన్ పాతదే.

చివరిగా, కొనే ముందు లైబ్రరీకి వెళ్లండి. తెనాలి వీఎస్ఆర్ అండ్ ఎన్‌వీఆర్ కాలేజీ అయినా, బాపట్ల ఆర్ట్స్ అండ్ సైన్సెస్ కాలేజీ అయినా, రేపల్లె ఏబీఆర్ గవర్నమెంట్ డిగ్రీ కాలేజీ అయినా, మీరు చదివే చోట లైబ్రేరియన్ గారిని అడగండి. అక్కడ ఉన్న పుస్తకాలన్నీ టేబుల్ మీద పెట్టుకుని, ఒకే రియాక్షన్ అన్నిట్లో చదవండి. ఏది చదివాక పుస్తకం మూసి, కాగితం మీద మీ అంతట మీరు వేయగలిగారో అదే మీ పుస్తకం. పక్కవాడిది వేరే కావచ్చు, పర్వాలేదు.

ఇదే పరీక్ష యూట్యూబ్ వీడియోలకీ పెట్టండి. ఎందుకు, ఎక్కడ ఫెయిల్, బాణం ఎటు, కండిషన్ ఏంటి. మేం చేసే వీడియోలకి కూడా పెట్టండి, మొహమాటం వద్దు. ఏ రియాక్షన్‌తో పరీక్షించారో, ఏ పుస్తకం గెలిచిందో కామెంట్‌లో రాయండి, మీ వెనక వచ్చే జూనియర్‌కి అది పనికొస్తుంది. మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.