ఐదు నిమిషాలు నిలబడితే

నేను కువైట్‌లో ఒక ఆసుపత్రి ఎమర్జెన్సీలో నర్సునండీ. ఇంట్లోవాళ్ళు "డ్యూటీ ఎలా జరిగింది?" అంటే "బాగానే జరిగింది" అంటాం కదా, బాగా జరగని రోజు ఒకటి ఇవాళ చెబుతాను. రోగి ఆనవాళ్ళు మాత్రం చెప్పను.

ఇక్కడ జూన్ నుంచి ఆగస్టు ఆఖరు దాకా పగలు 11 నుంచి 4 వరకు ఆరుబయట ఎండలో పని చేయించకూడదని నియమం. నాలుగు దాటగానే ఎండ చల్లబడుతుందా చెప్పండి! ఆ సాయంత్రం వడదెబ్బ తగిలిన ఒకతన్ని తీసుకొచ్చారు. జ్వరం 41 డిగ్రీలు దాటింది, స్పృహ లేదు. అలాంటప్పుడు మొదటి అరగంటలో ఒళ్ళు చల్లబరచడమే అసలు వైద్యం. తోడొచ్చిన కుర్రాడు కడప వైపువాడు, తెలుగు తప్ప మరో భాష రాదు. "అక్కా, మావోడు లేచ్చాడు గదా?" అంటూ నా చెయ్యి వదల్లేదు. మంచం వదిలి అతని దగ్గరే నిలబడ్డాను.

మనిషి దక్కలేదు.

తర్వాత మా ఈజిప్టు డాక్టరుగారు అందర్నీ పక్కగదిలోకి పిలిచారు. ముందు ఒక నిమిషం మౌనం. ఈ పద్ధతిని అమెరికాలో జోనథన్ బార్టెల్స్ అనే ఎమర్జెన్సీ నర్సు ప్రచారంలోకి తెచ్చారు. ఏ మతం వాళ్ళు ఆ మతం తీరున తలచుకోవచ్చు. ఆపైన ఎడింబరో ఎమర్జెన్సీవాళ్ళు తయారుచేసిన వరస: ఏం జరిగింది, ఏది బాగా చేశాం, ఎక్కడ తడబడ్డాం, ఏం మార్చాలి. ఐదే నిమిషాలు. తప్పెవరిదని అడగరు. బలవంతంగా మాట్లాడించరు కూడా. ఒక్కసారి కూర్చోబెట్టి అంతా చెప్పిస్తే తర్వాత మనోవ్యాధి రాదనడానికి ఆధారం లేదని 2002లోనే కాక్రేన్ సమీక్ష తేల్చింది మరి.

ఐస్ పై అంతస్తు నుంచి రావడం ఆలస్యమైందని మలయాళీ అమ్మాయి చెప్పింది. ఫిలిప్పీన్స్ అబ్బాయి నోరు విప్పలేదు, ఎవరూ విప్పమనలేదు. నా వంతు వచ్చింది. "నేను మంచం దగ్గర లేను" అన్నాను. ఆపైన గొంతు పెగల్లేదు.

డాక్టరుగారు కాగితం చూసి, "ఇతను ఎన్నింటికి పడిపోయాడో, మధ్యాహ్నం నుంచే వాంతులని మనకు చెప్పిందెవరు?" అన్నారు. నేనే. కుర్రాణ్ణి అడిగి తెలుసుకుని అక్కడినుంచే కేకేసి చెప్పానట. నాకే గుర్తు లేదు.

అది విన్నాక ఏడుపు ఆగిందని కాదు. బయటికెళ్ళి ఆ కుర్రాడి పక్కన కూర్చోగలిగాను, వాళ్ళ ఊరికి ఫోను కలిపి ఇవ్వగలిగాను.

ఐస్ పెట్టె ఇప్పుడు మా గదిలోనే ఉంటుంది. డ్యూటీ ఎక్కగానే మూత తీసి చూసుకుంటాను.