మాత్ర చేసే పని, మనం చేయాల్సిన పని
(గుడిబండలో సొసైటీ వార్షిక సమావేశం సందర్భంగా మహిళల సభలో చేసిన ప్రసంగ పాఠం)

బిస్మిల్లాహిర్రహ్మానిర్రహీమ్.



ఈ సభలో ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమని పెద్దలు అడిగినప్పుడు, "నేను డాక్టరును కాదు, టీచరును" అన్నాను. "మీరు పడిన బాధే చెప్పండి ఆపా, మాకు అదే చాలు" అన్నారు. అందుకని థైరాయిడ్ గురించి చెబుతాను. పన్నెండేళ్లుగా రోజూ ఆ మాత్ర వేసుకుంటున్నాను. మందు మోతాదు మాత్రం నన్ను అడగకండి, అది మీ డాక్టరు చెప్పాల్సింది.

నాకు నలభై దాటాక ఇది మొదలైంది. మూడో పీరియడ్ వచ్చేసరికి నిలబడి పాఠం చెప్పలేకపోయేదాన్ని. గొంతు బొంగురుపోయింది. మే నెలలో అందరూ ఫ్యాన్ వేయమంటుంటే నేను దుప్పటి కప్పుకునేదాన్ని. చర్మం పొడిబారింది, తల దువ్వితే దువ్వెన నిండా వెంట్రుకలే. మలబద్ధకం, ఎక్కువ రుతుస్రావం కూడా ఉండేవి. రెండేళ్లలో 58 కిలోల నుంచి 69 కిలోలకు వచ్చాను. ఇంట్లో "కూర్చొని జీతం తీసుకుంటే ఇంతే" అని నవ్వారు. నేనూ నవ్వాను. వయసు మీద పడుతోందనుకొని ఏడాదిన్నర ఊరుకున్నాను. చివరికి హిందూపురంలో రక్తపరీక్ష చేయిస్తే టీఎస్‌హెచ్ 38 వచ్చింది. మామూలుగా అది నాలుగైదు లోపల ఉండాలి.

టీఎస్‌హెచ్ అంటే ఏమిటో క్లాసులో చెప్పినట్టే చెబుతాను. గొంతు ముందు భాగంలో సీతాకోకచిలుక ఆకారంలో ఒక చిన్న గ్రంథి ఉంటుంది. అదే థైరాయిడ్. అది తయారు చేసే హార్మోను మన ఒంట్లో ప్రతి భాగం ఎంత వేగంగా పని చేయాలో నిర్ణయిస్తుంది. మన బోరు మోటార్లకు కరెంటు వోల్టేజీ లాంటిదన్నమాట. వోల్టేజీ తగ్గితే మోటారు తిరుగుతున్నట్టే ఉంటుంది కానీ నీళ్లు పైకి రావు. ఆ గ్రంథిని పని చేయించేది మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి. పిల్లవాడు లెక్క చేయకపోతే టీచరు గొంతు పెంచుతుంది కదా, అలాగే థైరాయిడ్ మందగిస్తే పిట్యూటరీ గొంతు పెంచుతుంది. ఆ గొంతే టీఎస్‌హెచ్. అందుకే థైరాయిడ్ తగ్గినప్పుడు టీఎస్‌హెచ్ పెరుగుతుంది. చీటీలో నంబరు పెరిగింది కాబట్టి థైరాయిడ్ ఎక్కువైందని అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. మొదట నేనూ అలాగే అనుకున్నాను.

ఇది ఎవరికో ఒకరికి వచ్చే జబ్బు కాదు. హైదరాబాదు, బెంగళూరు సహా ఎనిమిది నగరాల్లో పెద్దవాళ్లను పరీక్షించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో 100 మందిలో సుమారు 11 మందికి థైరాయిడ్ తక్కువగా ఉంది. ఆడవాళ్లలోనే ఎక్కువ. చాలామందికి కారణం, మన ఒంటిని కాపాడాల్సిన రక్షణ శక్తే పొరపాటున ఈ గ్రంథి మీద దాడి చేయడం. 1912లో దీన్ని వివరించిన జపాన్ డాక్టరు హషిమోటో పేరుతోనే ఆ జబ్బును పిలుస్తారు. ఇది ఎవరి పాపమూ కాదు, దిష్టీ కాదు, సోమరితనం అంతకంటే కాదు.

అయోడిన్ తక్కువైనా థైరాయిడ్ దెబ్బతింటుంది. అందుకే మన ప్రభుత్వం 1962లోనే గలగండం నివారణ కార్యక్రమం మొదలుపెట్టి ఉప్పులో అయోడిన్ కలిపించింది. ఇంట్లో అయోడిన్ ఉప్పే వాడండి, డబ్బాకు మూత పెట్టండి. కానీ జబ్బు వచ్చింది కదా అని ఉప్పు ఎక్కువ తింటే థైరాయిడ్ బాగుపడదు, బీపీ పెరుగుతుంది.

ఇక మందు సంగతి. 1891లో ఇంగ్లాండులోని న్యూకాసిల్‌లో జార్జ్ మర్రే అనే యువ డాక్టరు, థైరాయిడ్ పూర్తిగా తగ్గి ఒళ్లంతా ఉబ్బిపోయిన 46 ఏళ్ల స్త్రీకి గొర్రె థైరాయిడ్ గ్రంథి సారాన్ని సూది ద్వారా ఇచ్చాడు. అంతవరకు ఆ జబ్బుకు సరైన చికిత్స లేదు. ఆమె ఆ తర్వాత మందు వాడుతూ మరో 28 ఏళ్లు బతికింది. ఇప్పుడు మనకు మామూలుగా రాసే లీవోథైరాక్సిన్ జంతువుల నుంచి తీసేది కాదు, రసాయనికంగా తయారు చేసేది. "ఇది హలాలేనా టీచరమ్మా?" అని నన్ను అడిగినవాళ్లు ఉన్నారు కాబట్టి ఈ మాట చెబుతున్నాను.

మొదటి ఏడాది ఈ మాత్రను నేను తప్పుగా వాడాను. పొద్దున్నే టీ తాగుతూ అదే గుటకలో మింగేదాన్ని. దాంతోపాటే కాల్షియం మాత్ర కూడా. మోతాదు పెంచుతున్నా టీఎస్‌హెచ్ సరిగా దిగలేదు. తర్వాత తెలిసింది, ఈ మాత్రను పరగడుపున ఉత్త నీళ్లతో వేసుకొని, అరగంట నుంచి గంట వరకు టీ, కాఫీ, టిఫిన్ ఏదీ తీసుకోకూడదని. కాల్షియం, ఐరన్ మాత్రలకు దీనికి నాలుగు గంటల ఎడం ఉండాలి. రాగుల్లో కాల్షియం బాగా ఉంటుంది కాబట్టి రాగిజావ కూడా మాత్ర వెంటనే తాగకండి. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడేవాళ్లు ఆ విషయం డాక్టరుకు చెప్పి, పరీక్షకు రెండు రోజుల ముందు ఆపాలి. లేకపోతే రిపోర్టు తప్పుగా రావచ్చు. మోతాదు మార్చిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు మళ్లీ పరీక్ష చేయిస్తారు. అంతకుముందే ఫలితం తెలియదు.

నా రెండో తప్పు రంజాన్‌లో జరిగింది. పగలు మాత్ర వేసుకుంటే రోజా పోతుంది కాబట్టి ఆ నెలంతా మానేశాను. ఈద్ నాటికి ముఖం ఉబ్బి, షీర్ ఖుర్మా కలపడానికి కూడా చేయి ఆడలేదు. ఈ మందు ఒంట్లో సగానికి తగ్గడానికి దాదాపు వారం పడుతుంది. అందుకే ఒకరోజు మరిచిపోతే కంగారు అక్కర్లేదు. నెల మానేస్తే మాత్రం ఒళ్లు ఊరుకోదు.

రోజా, మాత్ర రెండూ కుదురుతాయి. దానికి మూడు దారులున్నాయి. సహరీకి అరగంట, ముప్పావుగంట ముందు లేచి వేసుకోవడం ఒకటి. మనం ఆడవాళ్లం ఎలాగూ వంట కోసం అందరికంటే ముందే లేస్తాం కదా, పొయ్యి వెలిగించే ముందు మాత్ర వేసుకుంటే వంటయ్యేలోపు ఆ సమయం గడిచిపోతుంది. నేను ఇప్పుడు చేసేది అదే. రెండోది, ఇఫ్తార్‌లో నీళ్లతో మాత్ర వేసుకొని, మగ్‌రిబ్ నమాజు చేసుకొని, అరగంట ఆగి తినడం. మూడోది, తిన్న మూడు గంటల తర్వాత, అంటే తరావీహ్ అయ్యాక పడుకునే ముందు వేసుకోవడం. ఏది ఎంచుకున్నా నెలంతా అదే పాటించండి. రంజాన్‌కు నెల ముందే డాక్టరుతో మాట్లాడండి. గుండెజబ్బు, షుగరు ఉన్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం. జబ్బుపడినవాళ్లు రోజాలను తర్వాత పూర్తి చేసుకోవచ్చని ఖురానే వెసులుబాటు ఇచ్చింది.

ఇప్పుడు మీరంతా ఎదురుచూస్తున్న విషయం, బరువు.

మాత్ర మొదలుపెడితే 11 కిలోలూ దిగిపోతాయనుకున్నాను. మూడు నెలల్లో మూడు కిలోలు తగ్గాను, అక్కడితో ఆగింది. టీఎస్‌హెచ్ మామూలుకు వచ్చింది, బరువు మాత్రం కదల్లేదు. మాత్ర పని చేయడం లేదని కోపం వచ్చింది. అప్పుడు డాక్టరమ్మ నా కళ్లు తెరిపించారు. థైరాయిడ్ తగ్గడం వల్ల మామూలుగా పెరిగేది రెండు నుంచి నాలుగున్నర కిలోలేనట. అందులోనూ చాలావరకు ఒంట్లో నిలిచిన ఉప్పు, నీరు. మిగిలినది మన పళ్లెం నుంచి వచ్చింది. మాత్ర చేసే పని, పోయిన హార్మోనును తిరిగి ఇవ్వడం. అది బరువు తగ్గించే మాత్ర కాదు. త్వరగా తగ్గాలని రెండు మాత్రలు వేసుకుంటే గుండె దడ పుడుతుంది, ఎముకలు బలహీనపడతాయి. పక్కింటామె మాత్ర మనం వేసుకోవడం, మన మాత్ర చెల్లెలికి ఇవ్వడం కూడా అంతే ప్రమాదం.

ఆ రోజు ఇంటికి వచ్చి నా పళ్లెం లెక్క రాసుకున్నాను. భోజనం దగ్గర పెద్ద తప్పేమీ కనపడలేదు. తప్పంతా భోజనం తర్వాత ఉంది. పిల్లలు వదిలేసిన అన్నం, గిన్నె అడుగున మిగిలిన ఖుస్కా, రెండు బజ్జీలు "ఇస్రాఫ్ అవుతుంది, పారేయకూడదు" అని నేనే తినేదాన్ని. అక్కా, చేయి ఎత్తమంటే ఇక్కడ సగం మంది ఎత్తుతారు! వృథా చేయకూడదన్నది నిజమే. కానీ అవసరం లేని అన్నాన్ని మన కడుపులో వేయడమూ వృథానే. కడుపులో మూడో వంతు తిండికి, మూడో వంతు నీళ్లకు, మూడో వంతు ఊపిరికి వదలమని మన ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం బోధించారు. నేను చేసిన మొదటి మార్పు, వండే బియ్యం ఒక గ్లాసు తగ్గించడం. మిగలకపోతే తినాల్సిన పనే ఉండదు.

రెండో మార్పు పళ్లెంలో. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం మన తిండిలో దాదాపు సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు ఉండాలి. మనకు ముద్ద ఉంటే ఊరుబిండి చాలు, కూర తక్కువైనా పట్టించుకోం. నేను ముద్ద మానలేదు, రెండు ముద్దల్ని ఒకటి చేసి, ఆకుకూర పప్పు రెండు గరిటెలు వేసుకున్నాను. వేరుశనగ మన పంటే, మంచిదే, కానీ టీవీ ముందు చాటెడు ఒలుచుకొని తినేది కాదు. నలుగురికి నెలకు ఐదు లీటర్లు అయ్యే నూనెను మూడుకు తెచ్చాను. క్యాబేజీ, కాలీఫ్లవర్ అసలు ముట్టకూడదని కొందరు భయపెడతారు. వండుకొని మామూలుగా తింటే భయం లేదు.

మూడోది నడక. బుర్ఖా వేసుకొని రోడ్డు మీద చేతులూపుకుంటూ నడవడానికి మొహమాటమని నాకు తెలుసు. ఫజర్ నమాజు తర్వాత మిద్దె మీద అరగంట నడిచాను. వారానికి ఐదు రోజులు చాలు. మాత్ర వేసుకొని టీ కోసం ఆగాల్సిన ఆ అరగంటే నడకకు సరిపోయింది.

ఏడాదిన్నరలో ఆరు కిలోలు తగ్గాను. 58కి నేను మళ్లీ రాలేదు, 60 దగ్గర ఆగాను. ప్రతి ఈద్ తర్వాత కిలో, కిలోన్నర పెరుగుతాను, మళ్లీ తగ్గించుకుంటాను. బరువు ఒక్కటే చూడకండి. టైలర్ టేపుతో నడుము కొలుచుకోండి. ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు, మగవాళ్లకు 90 దాటితే జాగ్రత్త పడాలి.

చివరగా మన ఆడపిల్లల గురించి. నా విద్యార్థిని ఒకమ్మాయి పెళ్లికి ముందు నుంచి ఈ మాత్ర వాడేది. పెళ్లివారికి చెప్పవద్దని తల్లి కట్టడి చేసింది. అత్తవారింట్లో అందరి కళ్లు పడతాయని ఆ పిల్ల మాత్ర మానేసింది. నాలుగు నెలలకు మంచం దిగలేక, సోమరిపోతు అనే పేరు తెచ్చుకుంది. చివరికి భర్తతో చెప్పుకుంటే అతనే పరీక్ష చేయించాడు, ఇప్పుడు బాగుంది. కానీ ఆ నాలుగు నెలలు ఆ పిల్ల ఎందుకు పడాలి? గర్భం నిలిచాక అయితే ఇంకా ప్రమాదం. మొదటి నెలల్లో బిడ్డ మెదడు ఎదగడానికి కావాల్సిన థైరాయిడ్ హార్మోను తల్లి నుంచే రావాలి. అప్పుడు మాత్ర మోతాదు తరచూ పెంచాల్సి వస్తుంది. నెల తప్పిందని తెలియగానే డాక్టరు దగ్గరకు వెళ్లాలి, మాత్ర మానకూడదు. తల్లులారా, అత్తలారా, ఇది దాచాల్సిన జబ్బు కాదు. కళ్లద్దాలు పెట్టుకున్న పిల్లను తప్పు పడతామా?

సొసైటీ పెద్దలకు ఒక మనవి. మాత్ర ఖరీదు పెద్దది కాదు. కానీ మన బీద కుటుంబాల్లో ఆడవాళ్లు పరీక్ష ఖర్చు, హిందూపురానికి పోయి వచ్చే బస్సు ఛార్జీ, ఒక రోజు కూలీ లెక్క వేసుకొని పరీక్ష మానేస్తారు. పరీక్ష లేక పాత మోతాదే ఏళ్లతరబడి మింగుతారు. మీరు పంచే జకాత్, సదఖా డబ్బులో కొంత ఈ పరీక్షల కోసం తీసిపెట్టండి. రంజాన్‌కు నెల ముందు ఇక్కడే రక్తం తీయించి పరీక్షకు పంపించే ఏర్పాటు చేయండి. పేర్లు రాసుకొనే పని, రిపోర్టు చదివి చెప్పే పని నేను చేస్తాను.

అక్కచెల్లెళ్లారా, వచ్చేవారం నుంచి మీ ఇంట్లో ఎవరైనా "ఊరికే అలసిపోతున్నాను" అంటే నవ్వకండి. ఒకసారి పరీక్ష చేయించండి. అల్లాహ్ మనందరికీ ఆరోగ్యాన్ని, దాన్ని కాపాడుకొనే ఓపికను ప్రసాదించుగాక. ఆమీన్.

అస్సలాము అలైకుం.