సీటు ఒకటే, మనిషి మారతాడు

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి పదవి అప్పగిస్తూ చేసిన ప్రసంగ పాఠం)



కార్యక్రమ పత్రంలో నా పేరు ఎదురుగా "వీడ్కోలు ప్రసంగం" అని వేశారు. వీడ్కోలంటే శాలువా, పూలదండ, కళ్ల నీళ్లు. ఆ మూడూ నేను ఉద్యోగం విరమించిన రోజునే అయిపోయాయి. రెండోసారి అంత బాగుండవు. అందుకని ఇవాళ సినిమా కబుర్లు చెబుతాను. జేమ్స్ బాండ్ సంగతి. ఎనభై దాటిన మనిషికి జేమ్స్ బాండ్ ఏమిటని మనవలు నవ్వుకుంటున్నారేమో! మా కుర్రతనంలో ఆ గాలి మన దాకా వీచింది. 1966లో 'గూఢచారి 116' వచ్చి కృష్ణ గారిని ఆంధ్రా జేమ్స్ బాండ్‌ని చేసింది. ఆ తర్వాత సంగీత్ థియేటరు కోసం సికింద్రాబాదు దాకా బస్సెక్కి వెళ్లిన వాళ్లు ఈ హాల్లో నాతోపాటు నలుగురైదుగురు ఉన్నారు. వాళ్ల పేర్లు చెప్పను, శ్రీమతులు కూడా వచ్చారు.

అసలు సంగతికి వస్తాను. మొన్న కార్యవర్గ సమావేశంలో నేను తప్పుకుంటానంటే అందరూ ఒకటే మాట అన్నారు: "మీరు కాకపోతే ఎవరండీ?" నిజం చెప్పొద్దూ, ఆ మాటకు లోపల చాలా సంతోషం వేసింది. ఇంటికి వెళ్లాక భయం వేసింది. ఆ భయం ఎందుకో చివర్లో చెబుతాను. సరిగ్గా ఇదే ప్రశ్న 1967లో హ్యారీ సాల్ట్‌జ్‌మన్, ఆల్బర్ట్ బ్రొకోలీ అనే ఇద్దరు నిర్మాతలకు ఎదురైంది. "కానరీ కాకపోతే ఎవరు?"

బాండ్ అనేవాడు ఇయాన్ ఫ్లెమింగ్ 1953లో రాసిన 'కాసినో రాయల్' నవలలో పుట్టాడు. బ్రిటిష్ గూఢచారి శాఖలో ఉద్యోగి, నెంబరు 007. మన సెక్షన్లలో ఏ-3 సీటు, బి-2 సీటు అంటామే, అలాంటిదే అదీను. గుమాస్తా మారతాడు, సీటు మారదు. కానీ 1962లో 'డాక్టర్ నో' చిత్రంలో షాన్ కానరీ వచ్చి కూర్చునేసరికి జనం సీటును మరిచిపోయి మనిషినే చూశారు. ఎడిన్‌బరోలో పాలు పోసిన కుర్రవాడాయన. ఈయనేం సరిపోతాడని మొదట ఫ్లెమింగే సందేహించారు. చిత్రం చూశాక ఎంత మారారంటే, 1964లో వచ్చిన నవలలో బాండ్ తండ్రిది స్కాట్లండ్ అని రాసేశారు. నటుడి ఊరు పాత్రకు పుట్టిల్లయింది! ఐదేళ్లలో ఐదు చిత్రాలు చేసి, పత్రికలవాళ్ల వేధింపుతో విసిగిపోయి, 1967లో కానరీ ఇక చాలన్నారు.

ఆ సీటుకు వచ్చినవాడు జార్జ్ లాజెన్‌బీ. ఆస్ట్రేలియా వాడు, కార్లు అమ్మినవాడు, ప్రకటనలకు ఫొటోలు దిగినవాడు. నటనలో చెప్పుకోదగ్గ అనుభవం లేదు. ఆయన చేసిన పని వింటే మీకు నవ్వొస్తుంది. కానరీ క్షవరం చేయించుకునే చోటికే వెళ్లి జుట్టు కత్తిరించుకున్నాడు. కానరీ కోసం కుట్టి, ఆయన తీసుకెళ్లకుండా దర్జీ దగ్గర ఉండిపోయిన సూటు కొనుక్కుని వేసుకున్నాడు. ఆ వేషంతో వెళ్లి ఉద్యోగం సంపాదించాడు. మునుపటివాడి కోటు వేసుకుంటే లోపలికి రానిస్తారు, నిజమే. కానీ ఆ కోటులో ఎంతకాలం ఉండగలం? ఒక్క చిత్రం చేసి, అది విడుదల కాకముందే తనంత తానే తప్పుకున్నాడు.

1969లో వచ్చిన ఆ చిత్రం పేరు 'ఆన్ హర్ మెజెస్టీస్ సీక్రెట్ సర్వీస్'. అందులో ఒక సన్నివేశం మన ఉద్యోగులు చూసి తీరాలి. బాండ్‌కు పైఅధికారి మీద కోపం వచ్చి రాజీనామా డిక్టేట్ చేస్తాడు. తన గదికి వెళ్లి సొరుగు ఖాళీ చేస్తాడు. సొరుగులోంచి ఒక్కొక్క వస్తువే బయటికి వస్తుంది: ఒక కత్తి, లోపల తీగ దాచిన చేతి గడియారం, నీటి అడుగున ఊపిరి తీసుకునే పరికరం. అన్నీ కానరీ చిత్రాల్లోవి. వెనక ఆ పాత చిత్రాల సంగీతమే వినిపిస్తుంది. మనిషి కొత్తవాడు, సొరుగు మాత్రం పాతది. ఇంతలో మనీపెన్నీ, అంటే పైఅధికారి స్టెనో, ఆ రాజీనామాను రెండు వారాల సెలవు చీటీగా టైపు చేసి ఆమోదం తెచ్చి పెడుతుంది. అలాంటి స్టెనో దొరికి ఉంటే మనలో ఎంతమంది కోపాలు సెలవులతో చల్లారిపోయేవో!

లాజెన్‌బీ వెళ్లిపోయాక నిర్మాతలు ఏం చేశారు? సరిగ్గా మన కార్యవర్గం చేయబోయిన పనే చేశారు. పాతాయన్నే పిలిచారు. 1971లో 'డైమండ్స్ ఆర్ ఫరెవర్' కోసం కానరీకి 12 లక్షల 50 వేల డాలర్లు ఇచ్చారు. ఆయన ఆ డబ్బును స్కాట్లండ్‌లో విద్యకు సాయపడే ట్రస్టుకు ఇచ్చేశారు, అది ఆయన గొప్పతనం. కానీ మనం చూడవలసింది ఏమిటంటే, అంత పెట్టినా వాళ్లకు దక్కింది ఒక్క చిత్రం. 1973 వచ్చేసరికి అదే ప్రశ్న మళ్లీ గుమ్మంలో నిలబడింది. పాతవాణ్ణి బతిమాలి తెస్తే సమస్య తీరదు, వాయిదా పడుతుంది.

ఇక్కడ మన పద్య నాటకాల సంగతి చెప్పాలి. పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఒక్క రాత్రి రాయబారం నాటకంలో మొదటి కృష్ణుడు, రెండో కృష్ణుడు అని ఇద్దరు ముగ్గురు వచ్చేవారు. పడక సీను కృష్ణుడు ఒకరు, సభలో రాయబారం నడిపే కృష్ణుడు మరొకరు. ముఖం మారిందని ఎవరూ లేచి వెళ్లలేదు. నెమలి పింఛం, నీలం రంగు ఉంటే కృష్ణుడే. అయితే వన్స్ మోర్ మాత్రం పింఛానికి రాదు. ఎవరి పద్యం వాళ్లు పాడుకుని, ఎవరి గొంతుతో వాళ్లు తెచ్చుకోవాలి. రెండో కృష్ణుడు మొదటివాడి రాగం అనుకరిస్తే చివరి వరసలోవాడు కూడా పట్టేస్తాడు.

రోజర్ మూర్ ఈ రహస్యం తెలిసినవాడు. 1973లో 'లివ్ అండ్ లెట్ డై'తో చార్జి తీసుకున్నారు. కానరీ అడిగే పానీయం ఆయన అడగలేదు. సిగరెట్టుకు బదులు చుట్ట పట్టారు. పోట్లాటకు బదులు చమత్కారం ముందుకు తెచ్చారు. పోల్చడానికి వీలు లేకుండా చేసుకున్నారు. కానీ పైఅధికారిగా బెర్నార్డ్ లీ, మనీపెన్నీగా లోయిస్ మాక్స్‌వెల్, ఆ ఇద్దరూ 1962 నుంచి ఉన్నవాళ్లే. ఆఫీసు అదే, పద్ధతి కొత్తది. పన్నెండేళ్లలో ఏడు చిత్రాలు నడిచాయి. అందులో ఒకటి 1983 నాటి 'ఆక్టోపస్సీ', మన ఉదయపూర్‌లో తీశారు, మన విజయ్ అమృతరాజ్ కూడా నటించారు.

1981 నాటి 'ఫర్ యువర్ ఐస్ ఓన్లీ' ఆరంభంలో మూర్ ఒక సమాధి దగ్గర పూలు పెడతారు. ఆ సమాధి 1969 చిత్రంలో లాజెన్‌బీ పెళ్లాడిన ఇల్లాలిది. పెళ్లాడింది ఒకరు, పన్నెండేళ్ల తర్వాత పూలు పెట్టింది ఇంకొకరు. చూసినవాళ్లకు అది అసహజంగా తోచలేదు. చార్జి తీసుకోవడమంటే బీరువా తాళాలు తీసుకోవడమే కాదు, మునుపటివాడి బాకీలు, బాధలు కూడా మన లెక్కలో రాసుకోవడం. అదే ఏడాది బెర్నార్డ్ లీ కన్నుమూశారు. ఆ చిత్రంలో ఆయన సీటులో వెంటనే ఎవరినీ కూర్చోబెట్టలేదు. పైఅధికారి సెలవులో ఉన్నారని చెప్పించారు. అదీ మర్యాద.

మూర్‌లోనూ ఒక పొరపాటు ఉంది. 1985లో ఆఖరి చిత్రం విడుదలయ్యేనాటికి ఆయనకు 57 ఏళ్లు. అప్పటికే బాగా ఆలస్యమైందని తర్వాత తానే సరదాగా ఒప్పుకున్నారు. ఈ మాట నాకు నేను చెప్పుకుంటున్నాను.

ఆ తర్వాత పియర్స్ బ్రాస్నన్‌ను ఎంపిక చేశారు. అది 1986. అప్పటికే ఒప్పుకున్న టెలివిజన్ ధారావాహిక ఆయన్ను వదలలేదు. రిలీవ్ చేయలేదన్నమాట! టిమతీ డాల్టన్ వచ్చి, నవలల్లోని బాండ్‌లా గంభీరంగా రెండు చిత్రాలు చేశారు. 1989 తర్వాత కోర్టు తగాదాలతో ఆరేళ్లు చిత్రమే రాలేదు. ఈలోగా 1991లో సోవియట్ యూనియన్ పోయింది. శత్రువే లేకపోతే గూఢచారి ఎందుకన్నారు. 1995లో బ్రాస్నన్ తొమ్మిదేళ్లు ఆలస్యంగా చార్జి తీసుకున్నారు. 'గోల్డెన్ ఐ'లో పైఅధికారి కుర్చీలో జూడీ డెంచ్ కూర్చున్నారు. పాతకాలపు మనిషివని బాండ్‌ను ఆవిడ చేతే చెప్పించారు. జనం అన్న మాటను చిత్రంలోనే పెట్టుకుని ముందుకు వెళ్లారు. విమర్శను దాచిపెట్టేవాడి కంటే మినిట్స్‌లో రాసుకునేవాడు గట్టివాడు.

2005 అక్టోబరులో డేనియల్ క్రెయిగ్ పేరు ప్రకటించగానే ఎంత గోల! జుట్టు రాగి రంగన్నారు, పొట్టి అన్నారు, బహిష్కరిస్తామన్నారు. అప్పటికి ఆయన చిత్రం ఒక్క అడుగు కూడా ఎవరూ చూడలేదు. 2006లో 'కాసినో రాయల్' వచ్చి, అంతవరకు వచ్చిన బాండ్ చిత్రాలన్నిటికంటే ఎక్కువ వసూలు చేసింది. ఆయన 2021 దాకా ఐదు చిత్రాలు చేశారు. మొత్తం లెక్క చూస్తే 1962 నుంచి 2021 దాకా ఆ సంస్థ తీసినవి 25 చిత్రాలు, ఆ సీటులో కూర్చున్నవాళ్లు ఆరుగురు. 2025లో బ్రొకోలీ కుటుంబం కూడా చిత్రాల సృజనాత్మక అధికారాన్ని అమెజాన్ ఎంజీఎం సంస్థకు అప్పగించింది. కుర్చీలో మనిషే కాదు, కుర్చీ వేసినవాళ్లూ మారారు.

ఇప్పుడు నా భయం సంగతి. పద్నాలుగేళ్లుగా ఏ సభ్యుడి కాగితం ఎక్కడుందో నాకు నోటికి వచ్చని మీరంతా మెచ్చుకున్నారు. నేను పొంగిపోయాను. కిందటేడు మా అమ్మాయి ఇంటికి వెళ్లి అక్కడే జబ్బుపడి నెల రోజులు ఉండిపోయాను. ఆ నెలలో మన సభ్యులొకరు కాలం చేశారు. ఆయన భార్య ఫ్యామిలీ పెన్షన్ కోసం మన ఆఫీసుకు మూడుసార్లు వచ్చారు. కావలసిన నకలు నా బీరువాలోనే ఉంది. ఏ కట్టలో ఉందో ఇంకెవరికీ తెలియదు, తాళం నా పెట్టెలో ఉంది. నేను తిరిగొచ్చేదాకా ఆవిడ ఆగవలసి వచ్చింది. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. "మీరొచ్చారుగా బాబుగారూ, చాలు" అన్నారు. ఆ మాట నన్ను ఇప్పటికీ కుడుతోంది. "మీరు కాకపోతే ఎవరు" అని మీరన్నప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ తల్లి ముఖమే. నేను కాకపోతే ఎవరూ లేకపోవడం నా గొప్ప కాదు, నా తప్పు.

మన కొత్త కార్యదర్శి గారు గత వారం మా ఇంటికి వచ్చారు. నేను స్వదస్తూరీతో నింపిన రిజిస్టరు చూపించాను. ఆవిడ చాలాసేపు తిరగేసి, "సార్, చాలా బాగుంది. కానీ నేను దీన్ని కంప్యూటర్లో నా పద్ధతిలో ఎక్కించుకుంటాను. ఇంకో ఇద్దరికి కూడా నేర్పిస్తాను" అన్నారు. చివుక్కుమనలేదంటే అబద్ధం. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవారుజామున లాజెన్‌బీ వేసుకున్న ఆ సూటు గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకున్నాను. నా కోటు ఆవిడకెందుకు? ఆవిడ పద్యం ఆవిడ పాడుకోవద్దూ?

బాండ్ కథలో నాకు నచ్చినది బాండ్ కాదు. ఆయుధాలిచ్చే క్యూ. ఆ వేషం వేసిన డెస్మండ్ లెవెలిన్ 1963 నుంచి 1999 దాకా 17 చిత్రాల్లో, ఐదుగురు బాండ్‌లకు వస్తువులు చేతికిచ్చారు. జాగ్రత్తగా తిరిగి తెమ్మని విసుక్కుంటూనే ఇచ్చారు. ఆఖరి చిత్రంలో తన వారసుణ్ణి పరిచయం చేసి, రెండు హితవులు చెప్పి, నేలలోకి దిగే లిఫ్టులో నెమ్మదిగా కనుమరుగవుతారు. ఆ చిత్రం వచ్చిన కొన్ని వారాలకే, 85వ ఏట, కారు ప్రమాదంలో పోయారు. కానీ ఇవ్వవలసినది ఇచ్చేసే వెళ్లారు.

అందుకని ఇవిగో, సంఘం ముద్ర, బీరువా తాళాలు రెండు జతలు, ఏ కట్ట ఎక్కడుందో రాసిన పట్టిక. ఆవిడకు ఒక్క ఏడాది వ్యవధి ఇవ్వండి. "ఆయన ఉన్నప్పుడైతే" అనే మాటతో వాక్యం మొదలుపెట్టకండి. నా ఇంటికి వచ్చి ఆవిడ మీద ఫిర్యాదు చెప్పకండి. వస్తే కాఫీ ఇస్తాను, ఫిర్యాదు మాత్రం తీసుకోను. ఆవిడ ఏదైనా అడిగితే చెబుతాను, అడగకపోతే చివరి వరసలో కూర్చుంటాను. పద్యం బాగుంటే వన్స్ మోర్ అనే మొదటి గొంతు నాదే.