మనసు విప్పి చెప్పుకొనుటకు ఎవరు తగినవారు?

హైదరాబాదునకు పడమట, మాదాపురములో సైబర్ టవర్సు భవనము 1998 నవంబరులో ప్రారంభమైనది. నాడు బండరాళ్ల నడుమ నిలిచిన ఆ భవనము చుట్టును నేడు హైటెక్ సిటీ, గచ్చిబౌలి, కొండాపురము ఒక్క ఊరువలె కలిసిపోయినవి. అమెరికా వారి పగటికి సరిపడ తమ రాత్రులను మేలుకొని పనిచేయు యువతీయువకులు అక్కడ ఎందరో కలరు. నిద్ర చెడును, ఇంటివారితో మాట తగ్గును, ఉద్యోగము నిలుచునో లేదో యను దిగులు పట్టుకొనును. అట్టి బిడ్డ ఒకనాడు ‘అమ్మా, నా మనసేమియు బాగుండలేదు’ అనినచో ఆ తల్లి ఎవరియొద్దకు పంపవలెను?

బోర్డులకు కొరత లేదు. కౌన్సెలరు, థెరపిస్టు, లైఫ్ కోచ్ అని ఎన్నియో పేర్లు కనబడును. కొన్ని వారముల తరగతులకు హాజరై పత్రము పొందినవారును, ఏండ్లతరబడి ఆసుపత్రిలో శిక్షణ పొందినవారును ఒకే విధముగా బోర్డు కట్టుకొనుచున్నారు. కావున అర్హత యేమో తెలిసికొనుట ఇంటిల్లిపాదికిని అవసరము.

మొదట ఒక భేదమును గుర్తింతము. సైకియాట్రిస్టు ఎం.బి.బి.ఎస్. చదివి, ఆపై మానసిక వైద్యమున ప్రత్యేక శిక్షణ పొందిన డాక్టరు, మందులు వ్రాయును. సైకాలజిస్టు మనస్తత్త్వ శాస్త్రము చదివినవాడు. పరీక్షల ద్వారా మనఃస్థితిని అంచనా వేసి, సంభాషణ పద్ధతులతో చికిత్స చేయును. మందులు వ్రాయుట అతని పని కాదు.

మన దేశమున సైకాలజిస్టులందరికిని చెల్లు ఒకే లైసెన్సు ఏర్పడలేదు. క్లినికల్ సైకాలజిస్టునకు మాత్రము చట్టము స్పష్టమైన హద్దులు గీచినది. 1992 నాటి చట్టము ననుసరించి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అనగా భారత పునరావాస మండలి, గుర్తించిన విద్యార్హత ఉండవలెను. ఆ మండలి కేంద్ర రిజిస్టరులో పేరు నమోదు కావలెను. నమోదు లేక వృత్తి సాగించినవారికి ఏడాది వరకు జైలుగాని, వెయ్యి రూపాయల వరకు జరిమానాగాని, రెండునుగాని విధింపవచ్చును. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ప్రకారము రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థయొద్దను వారు నమోదు కావలెను. ఇతర సైకాలజిస్టులను కూడ ఒక క్రమములోనికి తెచ్చుటకు 2021లో మరియొక చట్టము వచ్చినది.

చిరకాలముగా నడచిన మార్గమిది: మూడేండ్ల డిగ్రీ, రెండేండ్ల ఎం.ఏ. లేక ఎం.ఎస్సీ., ఆపై రెండేండ్ల పూర్తికాలపు ఎం.ఫిల్. ఇంటర్మీడియటు తరువాత మొత్తము ఏడేండ్లు. ఇంత చదువెందుకని కొందరడుగవచ్చును. థైరాయిడ్ గ్రంథి మందగించినను మనిషి దిగులుగా, నీరసముగా ఉండును. దానిని కేవలము మనోవ్యాధి యనుకొని నెలలు గడిపినచో రోగికి నష్టము. ‘బ్రదికి యేమి లాభము’ అను మాటలో విసుగెంతయో, ప్రాణాపాయమెంతయో పోల్చుకొనవలెను. ఎప్పుడు డాక్టరునొద్దకు పంపవలెనో తెలియుట ఈ వృత్తిలో సగము విద్య. అది పెద్దల పర్యవేక్షణలో, రోగుల నడుమ అలవడునేగాని పుస్తకములచే రాదు.

విద్యార్థులొక మార్పును గమనింపవలెను. విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘము 2022లో ఎం.ఫిల్. పట్టమును తొలగించినది, క్లినికల్ సైకాలజీకి మాత్రము 2025-26 విద్యాసంవత్సరము వరకు ప్రవేశములకు అనుమతించినది. కావున రుసుము కట్టుటకు ముందే ఆ కోర్సు పునరావాస మండలి గుర్తింపు జాబితాలో ఉన్నదా యని చూచుకొనవలెను. సికిందరాబాదు మనోవికాస నగరులో 1984లో నెలకొన్న జాతీయ సంస్థ వంటివి మన యెదుటనే ఉన్నవి. అట్టిచోట విచారించుట మేలు.

ఇక్కడి పట్టముతో అమెరికా వెళ్లి అక్కడనే వృత్తి సాగింతుమనుకొనువారును కలరు. అచట లైసెన్సు నిచ్చునది ఆయా రాష్ట్రము. సాధారణముగా డాక్టరేటు, పర్యవేక్షణలో పని, ఆపై పరీక్ష తప్పవు. కనెక్టికట్ రాష్ట్రము 1945లోనే ఇట్టి చట్టము చేసినది.

ఇక ఇంటివారు అడుగదగిన ప్రశ్నలు మూడు. మీ చదువేమి? మీ రిజిస్ట్రేషను సంఖ్య యేమి? మేము చెప్పినది ఎవరికి తెలియును? కంపెనీవారు ఏర్పరచిన సలహాదారుని విషయమున ఈ మూడవ ప్రశ్న మరింత ముఖ్యము. 2017 చట్టము రోగికి గోప్యత హక్కు నిచ్చినది. ప్రాణాపాయము వంటి కొద్ది సందర్భములే దానికి మినహాయింపు. ఇంటికి విద్యుత్తు తీగలు బిగించువానినే లైసెన్సు కలదా యని అడుగుదుము. బిడ్డ మనసును అప్పగించునపుడు అడుగుటకు మొగమాట మెందుకు? అర్హత గలవాడు ఈ ప్రశ్నకు నొచ్చుకొనడు.

తగినవారు దొరకువరకు వేచియుండలేని రాత్రియు రావచ్చును. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలీ మానస్ సేవ 14416 సంఖ్యపై రేయింబవళ్లు, ఉచితముగా, తెలుగులోనే లభించును. ఆ అంకెలను ఇంటిలో అందరికిని కనబడుచోట వ్రాసి యుంచుడని మా మనవి.