తలుపుల్లేని హెడ్‌ఫోన్లు
(మహాసభల సాంస్కృతిక సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పెద్దలకు, పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని ఓపిగ్గా కూర్చున్న తల్లులకు, భోజనాల హాలు వైపు అప్పుడప్పుడూ ఓ చూపు విసురుతున్న మిత్రులకు కూడా నమస్కారం. నిర్వాహకులు ఫోను చేసి, "మీకు బాగా తెలిసిన విషయం మీద ఓ పావుగంట మాట్లాడండి" అన్నారు. నాకు బాగా తెలిసింది జావా ప్రోగ్రామింగు. దాని మీద మాట్లాడితే ఈ హాలు ఐదు నిమిషాల్లో ఖాళీ అవుతుంది. అందుకని హెడ్‌ఫోన్ల గురించి మాట్లాడతానన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. "అంటే సంగీతం గురించేనా?" అన్నారు చివరికి. "అలాగే అనుకోండి" అన్నాను.

మేముండేది సిడ్నీకి వాయవ్యంగా, బ్లాక్‌టౌన్ కౌన్సిల్ కింద ఉన్న ద పాండ్స్‌లో. మా నాన్నగారు మొదటిసారి వచ్చినప్పుడు ఆ పేరుకి అర్థం చెబితే, "అయితే చెరువులు పూడ్చి ఇళ్ళు కట్టారన్నమాట" అన్నారు. బాపట్లలో ముప్ఫయ్యేళ్ళు సైన్సు పాఠాలు చెప్పిన మనిషి, ఊళ్ళో చెరువులు ఏమయ్యాయో కళ్ళారా చూసిన మనిషి. కాదండీ, ఇక్కడ సెకండ్ పాండ్స్ క్రీక్ అని ఒక వాగుంది, నీళ్ళు ఉంచే కట్టారు అని చెప్పి, నమ్మించడానికి ఆయన్ని అక్కడిదాకా నడిపించుకుని వెళ్ళాల్సి వచ్చింది.

ఊరు మంచిదే. ఇళ్ళతోనే ఇబ్బంది. వంటిల్లు, భోజనాల బల్ల, హాలు అన్నీ ఒకే గది. అడ్డుగోడ అనే మాటే లేదు. కింద గ్లాసు కింద పడితే పైన పడుకున్నవాళ్ళు లేస్తారు. పక్కింటి గోడకీ మా గోడకీ మధ్య రెండు చెత్త డబ్బాలు పట్టేంత సందు. నేను ఎంతో ఇష్టపడి పెద్ద స్పీకర్లు కొన్నాను. నెల తిరక్కుండానే మా అమ్మాయి పుట్టింది. స్పీకర్ల మీద మా ఆవిడ పిల్ల బట్టలు మడతపెట్టి పెట్టడం మొదలుపెట్టింది. అప్పుడు కొన్నాను హెడ్‌ఫోన్లు.

ఇందులో రెండు జాతులున్నాయి. చెవిని పూర్తిగా మూసేసి, వెనక భాగం డబ్బాలా మూతపడి ఉండేవి ఒకటి. విమానంలో, రైల్లో పెట్టుకునేవి అవే. రెండోవి ఓపెన్‌బ్యాక్. వీటికి వీపు ఉండదు, జల్లెడ ఉంటుంది. లోపల కంపించే పల్చటి పొరకి ముందు మన చెవి, వెనక గది గాలి. మూసిన డబ్బాలో పొర వెనక పుట్టిన ధ్వని గోడలకి తగిలి తిరిగొచ్చి, ముందు వచ్చేదానితో కలగాపులగమవుతుంది. వీపు తెరిచి ఉంటే అది బయటికి పోతుంది. అందుకే పాట తలలో ఇరుక్కున్నట్టు కాకుండా, కొంచెం ఎదురుగా, గాలి ఆడే చోట వినిపిస్తుంది. 1968లో జర్మనీలో సెన్‌హైజర్ వారు పసుపుపచ్చ స్పాంజి మెత్తలతో హెచ్‌డీ 414 అని తెచ్చినప్పటి నుంచి ఈ జాతికి గిరాకీ వచ్చింది. నా దగ్గరున్నది అదే వంశంలో 1997లో పుట్టిన హెచ్‌డీ 600. దాని నిరోధం 300 ఓములు. మామూలు ఫోనుకి తగిలిస్తే పాట ఎక్కడో పక్క వీధిలో పెళ్ళిలో పాడుతున్నట్టుంటుంది. చిన్న ఆంప్లిఫయరు కావాలి. ఆ సంగతి పెట్టె ఇంటికొచ్చాక తెలిసింది. మా ఆవిడకి రెండు విడతలుగా చెప్పాను.

ఇబ్బంది ఏమిటంటే, లోపలి పాట బయటికి, బయటి గోల లోపలికి నిరాటంకంగా వస్తాయి. ఒక శనివారం ఆఫీసు పనుండి, బుద్ధి తక్కువై, వీటిని పెట్టుకుని తల్లవాంగ్ స్టేషన్లో మెట్రో ఎక్కాను. రెండు స్టేషన్లు దాటేసరికి ఎదురు సీట్లో ఉన్న ఒక పెద్దావిడ ముందుకి వంగి, "బాబూ, బాలుగారి తర్వాత సుశీలమ్మది పెడతావా?" అని తెలుగులో అడిగారు. తలెత్తి చూస్తే పెట్టెలో సగం మంది నన్నే చూస్తున్నారు. ఆ రోజు నుంచి వాటికి గడప దాటే యోగం లేదు.

ఇంట్లో మాత్రం ఈ లోపమే నాకు గుణమైంది. కుక్కరు మూడో కూత వినిపిస్తుంది. పాప ఏడిస్తే వినిపిస్తుంది. మా ఆవిడ పిలిస్తే, దురదృష్టవశాత్తూ, అదీ వినిపిస్తుంది.

మన పాటల గురించి ఒక మాట. 1957 నాటి మాయాబజార్ పాటలు వేసుకుని వినండి. అవి మోనో. రెండు చెవులకీ వెళ్ళేది ఒకటే ధ్వని కాబట్టి, ఘంటసాల గారు సరిగ్గా మన నడినెత్తిన కూర్చుని పాడుతున్నట్టుంటుంది. మొదట్లో వింతగా ఉంటుంది. అలవాటయ్యాక ఇంకోలా వినబుద్ధి కాదు. వాటికే ఎకో కలిపి, కుడికీ ఎడమకీ చీల్చి "స్టీరియో" అని అమ్మారు చూడండి, అవి వింటే ఆయన బావిలో పడి కేకేస్తున్నట్టుంటుంది. అటువంటివి కొనకండి, ఉచితంగా ఇచ్చినా వద్దనండి. అదే 1989 గీతాంజలికి వస్తే, ఇళయరాజా గారు వయొలిన్లని ఒక పక్క, వేణువుని ఒక పక్క కూర్చోబెట్టిన తీరు తెలుస్తుంది. చరణానికి ముందు బాలుగారు తీసుకునే ఊపిరి తెలుస్తుంది. కాసెట్లు అరిగేదాకా విన్నవాణ్ణి, ఆ ఊపిరి నాకు ఇరవయ్యేళ్ళ తర్వాత తెలిసింది.

ఇక సంరక్షణ. ఇది మన పెద్దలు హార్మోనియం చూసుకున్నట్టు చూసుకోవాల్సిన వస్తువు. మొదట అరిగేవి చెవి మెత్తలు. మెత్త అణిగితే చెవి పొరకి దగ్గరవుతుంది, దాంతో పాట రుచే మారిపోతుంది. ఇది రోజూ కొంచెం కొంచెంగా జరిగేది గనక మనకి తెలియదు. కొత్తవి వేసిన రోజున తెలుస్తుంది. మన ఇళ్ళలో వీటి ప్రథమ శత్రువు కొబ్బరినూనె. ఆదివారం తలంటు ముందు సంగీతం వినకండి. చవగ్గా వస్తాయని ఎవరో తయారుచేసిన నకిలీ మెత్తలు ఒకసారి తెప్పించాను, మందం తేడాతో మృదంగం కాస్తా డప్పయింది. లోపల పల్చటి స్పాంజి బిళ్ళ ఒకటుంటుంది, దుమ్ముని ఆపేది అదే. అది చివికితే ఒక్క వెంట్రుక లోపలికి పోయి పొరకి ఆనినా చాలు, తంబురా శ్రుతిలో ఈగ దూరినట్టు జుయ్యిమంటుంది. పట్టకారుతో మెల్లగా తియ్యాలి. వాక్యూమ్ క్లీనరు పెట్టారో, పొర మీకు దక్కదు. తీగ రెండు డబ్బాలకీ విడివిడిగా తగులుతుంది, రెండు పుల్లల్లో ఒకటి లావు, ఒకటి సన్నం. చూసి పెట్టాలి, తీగ పట్టుకుని లాగకూడదు.

ఇంతవరకూ సరదా కబుర్లు. అసలు చెప్పాలనుకున్నది ఇప్పుడు చెబుతాను.

రెండేళ్ళ క్రితం, ఎడమ వైపు పాట మసకబారినట్టు అనిపించింది. తాళాల మెరుపు తగ్గింది. ఇంజనీర్ని కదా, పద్ధతిగా వెతికాను. తీగ కొసలు మార్చి, ఎడమది కుడి డబ్బాకీ కుడిది ఎడమ డబ్బాకీ పెట్టాను. తప్పు తీగలోనో ఆంప్లిఫయరులోనో ఉంటే మసక కుడి పక్కకి రావాలి. రాలేదు, ఎడమనే ఉంది. అయితే మెత్తలే అనుకుని కొత్తవి తెప్పించాను. మసక పోలేదు. స్పాంజి బిళ్ళలు మార్చాను. పోలేదు. ఇక ఎడమ డబ్బాలో పొరే పోయిందని తేల్చి, దాని ధర చూస్తూ కూర్చున్నాను.

అప్పుడు అమ్మా నాన్నగారూ మా దగ్గరే ఉన్నారు. నాన్నగారికి కొన్నేళ్ళుగా వినికిడి తగ్గింది. ఒక రోజు భోజనాల దగ్గర మా ఆవిడ, "మావయ్యగారూ, చారు పొయ్యనా?" అంది. ఆయన కంగారుగా, "కారు పోవడమేమిటమ్మా, ఎక్కడ పెట్టారు?" అన్నారు. అందరం పడీపడీ నవ్వాం. ఆయనా నవ్వారు. కానీ ఆ తర్వాత భోజనం త్వరగా ముగించి లేచి వెళ్ళిపోవడం మొదలుపెట్టారు. మాటల మధ్య కూర్చోవడం తగ్గించారు. ఆ సంగతి గమనించడానికి నాకు మూడు వారాలు పట్టింది. చెవిటి మిషను మాటెత్తితే, "నాకు అంత వయసు రాలేదు" అనేవారు. అప్పటికి ఆయనకి డెబ్బై ఆరు.

నేను డబ్బా విప్పి పెట్టుకుని కూర్చుంటే పక్కకొచ్చి, "ఏమిట్రా అబ్బాయ్?" అన్నారు. గట్టిగా, మొత్తం వివరించాను. విని, "మరి తిప్పి పెట్టుకుని చూశావా?" అన్నారు.

"తిప్పడమేమిటి నాన్నగారూ? ఎడమ, కుడి అని దాని మీదే రాసుంటుంది."

"రాసుంటే రాసుండనీ. తిప్పి పెట్టు."

తిప్పి పెట్టుకున్నాను. పాడైన పొర ఇప్పుడు కుడి చెవి మీదుంది. మసక మాత్రం ఎడమ చెవిలోనే ఉంది.

నిజం చెప్పాలంటే, ఆ పరీక్ష నాకు తట్టక కాదు. ఎక్కడో తట్టే ఉంటుంది. మెత్తలు తెప్పించడం తేలిక, అంతే. నాన్నగారు ఏమీ అనలేదు. హైస్కూల్లో లెక్క తప్పు చేసినవాడి వైపు చూసినట్టు చూశారు. నేను, "ఒక్కణ్ణే వెళ్ళను. మీరూ వస్తేనే చూపించుకుంటాను" అన్నాను. రెండేళ్ళుగా రానన్న మనిషి, మర్నాడే చొక్కా ఇస్త్రీ చేసుకుని తయారయ్యారు. పిల్లవాణ్ణి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళే తండ్రిలాగే వచ్చారు.

ఆడియాలజిస్టు ముందు నా చెవిలో గులిమి తీయించి రమ్మంది. అది తీశాక సగం మసక పోయింది, నేను పండగ చేసుకున్నాను. మిగతా సగం పోలేదు. గాజు గదిలో కూర్చోబెట్టి కూతలు వినిపించి గీసిన గ్రాఫులో, ఎడమ చెవి గీత 4000 హెర్ట్‌జ్ దగ్గర గుంటలో దిగి మళ్ళీ లేచింది. ఎక్కువ చప్పుడు విన్న చెవుల్లో సాధారణంగా కనబడే గుంట అదేనట. కారణం ఇదీ అని గట్టిగా చెప్పలేనంది, కానీ ఆఫీసు కాల్స్ ఏ చెవితో వింటారని అడిగింది. పదిహేనేళ్ళుగా అర్ధరాత్రి కాల్స్ అన్నీ ఒంటిచెవి హెడ్‌సెట్టుతో, ఎడమ చెవితోనే విన్నాను. వాల్యూము ఎప్పుడూ చివరిదాకా. పాటలకి జాగ్రత్తపడ్డాను గానీ, మీటింగులకి పడలేదు. పోయింది తిరిగి రాదని కూడా చెప్పింది.

నాన్నగారి గ్రాఫు రెండు చెవులకీ కుడివైపు జారుడుబల్లలా దిగింది. అచ్చులు బాగానే వినబడతాయి, స, ష, చ లాంటి హల్లుల్లోని పదును పోతుంది. చారు కారవడం అందుకే. ఆయన ఆ కాగితం చేతిలోకి తీసుకుని, "డెసిబెల్స్ కిందకి వెళ్ళే కొద్దీ పెరుగుతున్నాయేమిటి? గ్రాఫు తలకిందులుగా గీశారే?" అని అడిగారు. ఆవిడ ఓపిగ్గా వివరించింది. వచ్చేటప్పుడు కార్లో, "మనిషి వినలేనిదాన్ని కిందకి చూపిస్తారన్నమాట. సబబే" అన్నారు.

మీ పిల్లల కోసం ఈ లెక్క గుర్తుపెట్టుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన ప్రమాణం ప్రకారం పెద్దలకి 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు. పిల్లలకి 75. ప్రతి 3 డెసిబెల్స్‌కీ సమయం సగమవుతుంది. 83కి 20 గంటలు, 86కి 10. ఇంకొకటి, నాలాగా మెల్లగా కాకుండా ఉన్నట్టుండి ఒక చెవి వినబడకుండా పోతే, గులిమేలే అని ఊరుకోవద్దు, ఆ రోజే డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి. ఆలస్యమైతే మందు పనిచేయకపోవచ్చు.

మిషను తరచూ సరిచేయించుకోవాలి గనక ఇంటికెళ్ళి అక్కడే తీసుకోవడం మంచిదని ఆవిడే చెప్పింది. వాళ్ళు తిరిగి వెళ్ళడానికి ఇంకా రెండు నెలలుంది. ఈలోపు నేను చేసిన పని ఏమిటంటే, కంప్యూటర్లో ఈక్వలైజరు పెట్టి, నాన్నగారి గ్రాఫు ముందు పెట్టుకుని, వాల్యూము పెంచకుండా ఆయనకి తగ్గిన స్థాయిల్ని మాత్రం కాస్త ఎత్తాను. బాలమురళిగారు విజయవాడ రేడియోలో పనిచేసిన రోజుల్లో ఊపందుకున్న భక్తిరంజని పాటలు కొన్ని వెతికి వేశాను. మా ఇంట్లో ట్రాన్సిస్టరు పొద్దున్నే దానితోనే గొంతు విప్పేది. నాన్నగారు కళ్ళు మూసుకుని కాసేపు విని, "వెనక తాళం ఉందిరా" అన్నారు. అంతే అన్నారు.

వీపు లేని హెడ్‌ఫోన్లు కదా, వంటింట్లో కూరలు తరుగుతున్న అమ్మకి కూడా సన్నగా వినబడుతోంది. అక్కణ్ణించే అందుకుని తనూ పాడింది. మూసిన రకం కొని ఉంటే ఆ రోజు ఆయన ఒక్కరే వినేవారు.

వెళ్ళేటప్పుడు హెడ్‌ఫోన్లూ ఆంప్లిఫయరూ ఆయన సూట్‌కేసులోనే పెట్టాను. గుంటూరులో మిషను తీసుకున్నారు. మాటలకి అది, పాటలకి ఇవి. భోజనాల దగ్గర మళ్ళీ అందరికంటే ఆఖర్న లేస్తున్నారని అమ్మ చెప్పింది. నేను వేరే జత కొనుక్కున్నాను, ఎడమ చెవి సంగతి తెలిసే వింటున్నాను. కాల్స్ స్పీకరులో పెడుతున్నాను, మా ఆవిడ తిడుతోంది.

పోయిన వారం నాన్నగారు ఫోను చేశారు. "మెత్తలకి కొబ్బరినూనె పట్టి గట్టిపడ్డాయిరా, ఓ జత పంపు" అన్నారు. తెప్పించి ఉంచాను. ఈ డిసెంబరులో విజయవాడ వైపు వెళ్ళేవాళ్ళు ఈ సభలో ఎవరైనా ఉంటే భోజనాల దగ్గర నన్ను కలవండి. బరువేమీ ఉండదు. పచ్చడి కూడా కాదు, కారిపోదు.