మాత్ర మానవద్దు - ఆలస్యం చేయవద్దు
(పామర్రు సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రక్తపోటు నొప్పి పెట్టదు. అందుకే దానిని లెక్కచేయం. నేనూ ఒంట్లో బాగానే ఉందని రెండు నెలలు మాత్రలు మానేశాను. ఒకనాటి ఉదయం కాఫీ గ్లాసు కుడిచేతిలోంచి జారిపోయింది. మాట ముద్దగా వచ్చింది. "పడుకుంటే తగ్గుతుంది" అన్నాను. మా ఆవిడ వినలేదు, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోయింది. ఆమె మొండితనం వల్లే ఈనాడు మీముందు మాట్లాడగలుగుతున్నాను.

మూతి వంకర పోవడం, ఒకవైపు చేయి, కాలు పట్టు తప్పడం, మాట తడబడటం - వీటిలో ఏ ఒక్కటి హఠాత్తుగా కనిపించినా పక్షవాతమని అనుమానించాలి. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటలలోపే ఇవ్వాలి. అదీ తలకు స్కానింగ్ తీసి, రక్తస్రావం లేదని తేలాకే. కనుక పామర్రు సెంటరులో నిలబడి బందరా, గుడివాడా, బెజవాడా అని అప్పుడు తర్జనభర్జన పడరాదు. ఆ వసతి ఎక్కడుందో ఇప్పుడే విచారించి, రాసి గోడకు అంటించండి. 108కి ఫోన్ చేయండి. లక్షణాలు మొదలైన సమయం గుర్తుంచుకోండి. నోట్లో నీళ్ళు గాని, మాత్రలు గాని వేయకండి.

ఇక నివారణ. ఉప్పు రోజుకు 5 గ్రాములలోపు, అంటే టీ చెంచాడు లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన ఆవకాయ, అప్పడం, ఎండుచేపల ఉప్పు కూడా ఆ లెక్కలోదే. కాలవగట్టున అరగంట నడవండి. చుట్ట, సిగరెట్టు మానండి. బి.పి., షుగరు క్రమంగా చూపించుకోండి. డాక్టరు చెప్పనిదే మాత్ర ఆపకండి.

లైఫ్ సర్టిఫికెట్ ఏటా మరవకుండా ఇస్తాం. అది ఇవ్వడానికి మనం ఉండాలంటే మాత్రను రోజూ మరవకూడదు. సెలవు.